దోషాల పట్టిక

పదిహేడేళ్ళు రసాయనశాస్త్రం చెప్పాను
ఉలాన్‌బాతర్‌లో, ఆవిరి గొట్టాలు మూలిగే ఒక బడిలో.
ఇప్పుడు క్రీములు అమ్ముతున్నాను.
జీతం రెండింతలు, నల్లబల్ల లేదు.
సుద్దపొడి ఉండే చోట, ముంజేతి మీద
నలభై రకాల నమూనా చుక్కలు.

బయట మైనస్ ముప్పై ఒకటి.
తలుపు తీస్తే మనిషికంటే ముందు
బొగ్గు పొగ లోపలికొస్తుంది.

పొగ వెనకాల నొమోందరి.
ఒకప్పుడు చివరి బెంచీ, ఇప్పుడు బస్సులో కండక్టరు.
బుగ్గలు నెర్రెలు విచ్చాయి.
"నీళ్ళు నింపుతుందన్నారు టీచర్,
రాసేకొద్దీ ఇంకా పగులుతోంది."
సీసా తిప్పి చూశాను. హయలురోనిక్ ఆమ్లం.
దాని తప్పేం లేదే పిల్లా, అదొక దాహం గల చుట్టం.
గాలిలో తేమ ఉంటే గాలిని పిండుకుని తాగుతుంది,
లేకపోతే నీ ఇంటి కుండలోనే చెంబు ముంచుతుంది.
మన గాలిలో ఏముంది, పొగ తప్ప?
తడి ఆరని మొహానికి రాయి,
ఆ వెంటనే పైన జిడ్డుగా ఏదైనా మూత పెట్టు.
అప్పట్లో ద్రావణాల పాఠం నిద్రపోయి వినింది.
ఇప్పుడు కళ్ళార్పకుండా వింది.

తుమెన్‌బయర్ కుస్తీ పడతాడు.
తొంభై ఆరు కిలోల సిగ్గు,
గడ్డం నిండా మొటిమలు.
సంచిలోంచి తన నీలం కుస్తీ చొక్కా తీసి పరిచాడు:
మెడ దగ్గర తెల్లటి మచ్చలు, వెలిసిపోయిన దీవుల్లా.
"గోదాలో నవ్వుతున్నారు."
బెంజాయిల్ పెరాక్సైడ్ బాబూ.
క్రిమిని చంపుతుంది, నిజమే.
రంగునీ చంపుతుంది.
దానికి మొహమేదో చొక్కా ఏదో తెలీదు.
ఆరేదాకా ఆగు, తెల్ల దిండు కొనుక్కో,
ఎక్కువ రాస్తే త్వరగా తగ్గుతుందనుకోకు,
మంట మాత్రమే త్వరగా వస్తుంది.

యజమానురాలు బదమ్‌గరవ్ గల్లాపెట్టె దగ్గర దగ్గింది.
ఆ దగ్గుకి అర్థం నాకు తెలుసు:
అమ్ముతున్నావా, పాఠం చెప్తున్నావా?

సాయంత్రం సోలోంగో వచ్చింది, బ్యాంకు ఉద్యోగి.
బుట్టలో రెటినాల్, గ్లైకాలిక్ ఆమ్లం,
అంచున గోధుమరంగుకి తిరిగిన విటమిన్ సి.
ఇది కాలం చెల్లిందమ్మా, పక్కన పెట్టు.
ఈ రెండూ ఒకే రాత్రి వద్దు:
ఇద్దరు మేస్త్రీలు ఒకే గోడని గీకితే
సున్నం ఊడటంతో ఆగదు, ఇటుక బయటపడుతుంది.
పగలు ఎండకి అడ్డుగా క్రీము లేకుండా వెళ్ళకు,
మంచు మీంచి ఎండ రెండోసారి కొడుతుంది.
ఇంకా, అలవాటుగా అడిగేశాను,
కడుపుతో లేవు కదా?
రెటినాల్ అప్పుడు పనికిరాదు.

సోలోంగో అటూ ఇటూ చూసింది.
సీసాని మెల్లిగా అరలో పెట్టేసింది,
లేబుల్ గోడవైపు తిప్పి.
"ఇంకా ఎవరికీ చెప్పలేదు," అంది.
అలా ఒక బిడ్డ కబురు
తండ్రికంటే ముందు క్రీముల కొట్టుకి తెలిసింది.
ఆరోజు నాకు కమీషన్ రాలేదు.

ఇంట్లో అమ్మ దుల్మా.
గోబీ అంచున నలభై ఏళ్ళు గొర్రెలకి ఉన్ని కత్తిరించిన చేతులు.
కొట్టులో ఖరీదైన డబ్బా తెచ్చిచ్చాను కిందటి వారం.
"ఏముంది ఇందులో?"
లానోలిన్, అన్నాను. ఉన్నిలో జిడ్డు.
ఊరంతా వినేలా నవ్వింది:
"నేను బోడిచేసిన గొర్రెలన్నీ డబ్బాలో తిరిగొచ్చాయా!"
రెండో రోజుకి మెడ నిండా ఎర్రటి దద్దుర్లు.
"పగ తీర్చుకున్నాయే," అంది గోక్కుంటూ.

ఊరందరికీ చెప్తాను:
చెవి వెనక చిన్న చుక్క పెట్టండి, మూడు రోజులు చూడండి.
అమ్మకి పెట్టలేదు.
అమ్మ చర్మానికి ఏమవుతుందిలే అనుకున్నాను.

గోరువెచ్చటి నీళ్ళతో మెడ కడిగాను.
వాసన లేని, రంగు లేని,
కొట్టులో అన్నిటికంటే చవకైన వాజలైను
వేలితో తీశాను.

"ఇదేం చేస్తుంది?"
ఏమీ చెయ్యదమ్మా.
ఉన్నదాన్ని పోనివ్వదు, అంతే.
"మరి దోషం?"
దిండుకి అంటుకుంటుంది.

అమ్మ దిండు తిరగేసి పడుకుంది.